విశ్రాంత సేనాని కట్టిన గాలి ఓడ: కౌంట్ జెప్పెలిన్ జీవితం

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో గాలికొండ దగ్గర బండి ఆపి, లోయలో మెల్లగా కదిలే మేఘాల్ని చూడనివాళ్ళు మన సభ్యుల్లో తక్కువ. తెల్లవారుజామున ఆ మేఘం కొండ అంచు దాటి, కింద ఏ ఆధారమూ లేకుండా, ఏనుగు నడకతో మన మీదికి వస్తుంది. అలా తేలేదాన్ని మనిషి కట్టగలడనీ, దానికి చుక్కానీ ఇంజనూ బిగించి కోరిన చోటికి నడపగలడనీ నమ్మి, ఆ నమ్మకం కోసం భార్య ఆస్తి సైతం తాకట్టు పెట్టిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయనే జర్మనీకి చెందిన కౌంట్ ఫెర్డినాండ్ ఫాన్ జెప్పెలిన్.

ఆయన జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఆయన చేసిన ఘనకార్యమంతా పదవీ విరమణ తర్వాతదే. అంతకుముందు ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగాన్ని ఇవాళ గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు.

బాల్యం, సైనికోద్యోగం

జెప్పెలిన్ 1838 జూలై 8న కాన్‌స్టాన్స్ పట్టణంలో పుట్టారు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దేశాల నడుమ ఉన్న పెద్ద సరస్సు ఒడ్డున ఉంది ఆ ఊరు. తండ్రి వుర్టెంబెర్గ్ రాజ్యంలో కొలువు చేసినవారు. కౌంట్ అన్నది వంశపారంపర్యంగా వచ్చిన బిరుదు. కలిగిన కుటుంబం కనుక చదువు ఇంటిదగ్గర మాస్టార్ల వద్దే మొదలైంది. పదిహేడో ఏట సైనిక పాఠశాలలో చేరి, 1858లో లెఫ్టినెంటు అయ్యారు. సెలవు పెట్టి కొంతకాలం ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలోనూ చదివారు.

1863లో అమెరికా అంతర్యుద్ధం సాగుతుండగా పరిశీలకుడిగా అక్కడికి వెళ్ళారు. అధ్యక్షుడు లింకన్‌ను కలిశారు. ఆ ఏడాది ఆగస్టు 19న మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ పట్టణంలో, స్టైనర్ అనే బెలూన్ నిపుణుడి సాయంతో మొదటిసారి గాలిలోకి లేచారు. తాడు కట్టిన బెలూన్ కొన్ని వందల అడుగుల ఎత్తుకే వెళ్ళింది. కాని కింద ఉన్న నదీ, కొండలూ, దారులూ పటం పరిచినట్టు కనిపించాయి. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడి మనసులో ఆ దృశ్యం నిలిచిపోయింది.

1870లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చింది. మొదటి వారంలోనే ఆయన చిన్న గుర్రపు దళంతో శత్రుదేశంలోకి చొరబడ్డారు. ఒక పల్లెలో అలసట తీర్చుకుంటుండగా ఫ్రెంచి రౌతులు మీదపడ్డారు. తోటివాళ్ళు చనిపోయారు, లేదా చిక్కిపోయారు. జెప్పెలిన్ ఒక్కరే దొరికిన గుర్రమెక్కి తప్పించుకుని, సేకరించిన సమాచారాన్ని చేర్చవలసినవారికి చేర్చారు. శత్రువు ఎక్కడున్నాడో ముందుగా తెలుసుకోవడానికి ఎన్ని ప్రాణాలు ఖర్చవుతాయో ఆ రోజు ఆయనకు తెలిసింది.

అదే యుద్ధంలో పారిస్ నగరం ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, లోపలివాళ్ళు బెలూన్ల మీద ఉత్తరాల్నీ మనుషుల్నీ బయటికి పంపారు. అవి గాలి ఎటు వీస్తే అటు పోయేవి. వాటిని నడిపే ఉపాయం దొరికితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయన్ని వదలలేదు. 1874 మార్చిలో ప్రపంచ తపాలా గురించి జరిగిన ఒక ఉపన్యాసం ప్రేరణతో, పెద్ద గాలి ఓడ ఎలా ఉండాలో తన డైరీలో మొదటిసారి రాసుకున్నారు. తర్వాత పదహారేళ్ళు ఆ ఆలోచన డైరీలోనే ఉండిపోయింది. ఉద్యోగం, సంసారం, బదిలీలు ఎవరికైనా ఉండేవే కదా!

ప్రతికూల రిపోర్టు

1887 నాటికి ఆయన బెర్లిన్‌లో వుర్టెంబెర్గ్ రాజ్యపు దూతగా ఉన్నారు. నడపగలిగిన వాయునౌక దేశానికి అవసరమని ఆ ఏడాదే తమ రాజుకు ఒక పత్రం సమర్పించారు. అప్పటికే 1884లో ఫ్రెంచివాళ్ళు అలాంటిదాన్ని ఎగరేసి, బయలుదేరిన చోటికే తిరిగి తెచ్చారు. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. కౌంట్ మొదటినుంచీ వాయునౌకను సైనిక సాధనంగానే తలచారు.

1890లో ఆయన మరో పత్రం రాశారు. వుర్టెంబెర్గ్ సైన్యం మీద ప్రష్యా పెత్తనం మితిమీరిందని అందులోని అభ్యంతరం. పైవాళ్ళకు అది రుచించలేదు. అదే ఏడాది శరత్కాలపు సైనిక విన్యాసాలు ముగిశాక ఆయన సామర్థ్యం మీద ప్రతికూల నివేదిక వచ్చింది. సర్వీసులో ఉండగా కాన్ఫిడెన్షియల్ రిపోర్టు దెబ్బ తిన్న మన మిత్రులకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. జనరల్ హోదా దక్కింది కాని కొలువు పోయింది. అప్పటికి ఆయన వయసు 52.

ఆ అవమానంతో ఆయన ఇంట్లో కూర్చోలేదు. పదహారేళ్ళనాటి డైరీ బయటికి తీశారు.

వెదురు గంప, గ్యాసు సంచులు

ఇంతకీ ఆయన ఆలోచనలోని కొత్తదనం ఏమిటి? అప్పటి బెలూన్లు గ్యాసు నింపిన గుడ్డ సంచులు. గ్యాసు తగ్గితే సంచి సొట్టపోతుంది, ఆకారం చెడితే చుక్కాని పనిచేయదు. కౌంట్ దీనికి గట్టి అస్థిపంజరం పెట్టారు. మన అరకు సంతలో అమ్మే వెదురు గంపను తలచుకోండి. అడ్డంగా వలయాలు, నిలువుగా బద్దలు. అలాంటి పొడవాటి గంపను అల్యూమినియంతో కట్టి, పైన గుడ్డ తొడిగారు. లోపల హైడ్రోజన్ నింపిన విడివిడి సంచుల్ని వరసగా పేర్చారు. ఒకటి చిరిగినా మిగతావి ఓడను మోస్తాయి. ఆకారం ఎప్పటికీ మారదు.

ఘనపు మీటరు హైడ్రోజన్ సముద్రమట్టం దగ్గర ఇంచుమించు కిలో నూరు గ్రాముల బరువును ఎత్తగలదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఆ బలం తగ్గుతుంది. విశాఖ నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో శిమిలిగూడ దాకా, అంటే వెయ్యి మీటర్లకు దగ్గరగా ఎక్కితే, ఎత్తే బలంలో పదోవంతు పోతుంది. కనుక గాలి ఓడ భారీగా ఉండాలి. భారీగా ఉంటే ఖర్చు కూడా భారీయే.

కోబర్ అనే ఇంజనీరును పెట్టుకుని కౌంట్ నమూనాలు గీయించారు. 1894లో హెల్మ్‌హోల్ట్జ్ అనే మహా శాస్త్రవేత్త అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం వాటిని తోసిపుచ్చింది. మరుసటి ఏడాది ఆయన పేటెంటు తీసుకున్నారు. 1898లో ఎనిమిది లక్షల మార్కుల మూలధనంతో కంపెనీ పెట్టారు. అందులో సగానికి పైగా ఆయన సొంత డబ్బే.

మొదటి ఓడ ఎల్.జెడ్.1 పొడవు 128 మీటర్లు, లోపల 17 గ్యాసు సంచులు. షెడ్డును సరస్సు నీళ్ళమీద తేలేటట్టు కట్టారు. గాలి ఎటు వీస్తే షెడ్డు అటు తిరుగుతుంది కనుక ఓడ అడ్డగాలికి గుద్దుకోకుండా బయటికి వస్తుందని వారి యుక్తి. 1900 జూలై 2 సాయంత్రం ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ దగ్గర ఆ ఓడ అయిదుగురితో లేచి, 18 నిమిషాలు ఎగిరి, సరస్సు మీద దిగింది. కౌంట్‌కు ఇంకో వారంలో 62 నిండుతాయి.

ఆనందం అక్కడితో సరి. మూడు ప్రయాణాలతో డబ్బయిపోయింది. కంపెనీ మూతపడింది, ఓడను విప్పి సామాను అమ్మేశారు. పనివాళ్ళలో లుడ్విగ్ డ్యూర్ అనే యువ ఇంజనీరును మాత్రం వదులుకోలేదు. తర్వాతి ఓడలన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే.

అయిదేళ్ళు తిరిగి డబ్బు పోగుచేశారు. వుర్టెంబెర్గ్ రాజు లాటరీకి అనుమతి ఇచ్చాడు. భార్య ఇసబెల్లా పుట్టింటి భూములు తాకట్టుకు వెళ్ళాయి. అలా తయారైన రెండో ఓడ 1906 జనవరి 17న ఎగిరి, ఇంజన్లు మొరాయించి పొలాల్లో దిగింది. ఆ రాత్రి వీచిన గాలికి అక్కడే ముక్కలైంది. 67 ఏళ్ళ మనిషి ఆ శిథిలాల ముందు నిలబడ్డారు. ఆ ఏడాది అక్టోబరులోనే మూడో ఓడను ఎగరేశారు. అది నిలిచింది.

ఆ రోజుల్లో హ్యూగో ఎకెనర్ అనే పత్రికా రచయిత ఈ ప్రయోగాలను విమర్శిస్తూ రాసేవాడు. కౌంట్ కోపగించుకోలేదు. స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి పొరపాట్లేమిటో వివరించి చెప్పారు. ఆ విమర్శకుడే తర్వాత ఆయన శిష్యుడై, ప్రపంచంలోకెల్లా పేరు పొందిన వాయునౌకా నాయకుడయ్యాడు.

ఎక్టర్‌డింగెన్ మైదానం

సైన్యం ఒక షరతు పెట్టింది. 24 గంటలు ఏకబిగిన ఎగిరితే ఓడను కొంటామంది. 1908 ఆగస్టు 4న నాలుగో ఓడ ఎల్.జెడ్.4 బయలుదేరింది. ఊళ్ళకు ఊళ్ళు మేడలెక్కి చేతులూపాయి. ఇంజను చెడి ఒకసారి ఆగింది. మర్నాడు మళ్ళీ చెడితే స్టుట్‌గార్ట్ దగ్గర ఎక్టర్‌డింగెన్ మైదానంలో దిగింది. మధ్యాహ్నం గాలివాన వచ్చి ఓడను తాళ్ళతో సహా పెకలించింది. నేలను తాకి అంటుకున్న ఓడ చూస్తుండగానే కాలిపోయింది.

డెబ్బై నిండిన కౌంట్‌కు ఇక అంతా అయిపోయిందనే అనిపించి ఉండాలి. కాని ఆ సాయంత్రం నుంచే ఎవరూ అడగకుండా చందాలు రావడం మొదలైంది. బళ్ళలో పిల్లలు కానులు వేశారు. పల్లెవాళ్ళు మాంసం, సారా కూడా పంపారు. పోగైన మొత్తం అరవై లక్షల మార్కులు దాటింది. అప్పుడు జర్మనీ పర్యటనలో ఉన్న బ్రిటిష్ మంత్రి లాయిడ్ జార్జ్ ఆ మైదానంలోని జనాన్ని కళ్ళారా చూశాడు.

ఆ డబ్బును కౌంట్ తన సొంతం చేసుకోలేదు. జెప్పెలిన్ ఫౌండేషన్ అనే ధర్మనిధి పెట్టి, దాని కింద కర్మాగారం నిర్మించారు. వాయునౌకల అవసరం తీరిపోయిన నాడు నిధి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ పట్టణానికి చెంది, ధర్మకార్యాలకు వినియోగం కావాలని నియమం రాశారు. 1909లో ప్రయాణికుల కంపెనీ వెలిసింది. 1914లో యుద్ధం వచ్చేదాకా 1,500కు పైగా ప్రయాణాల్లో 34 వేల మందికి పైగా ఆ ఓడలెక్కారు. ఒక్క ప్రయాణికుడి ప్రాణం కూడా పోలేదు.

నౌకాదళం పిలుపు

నౌకాదళానికి వాయునౌక ఎందుకు? దీనికి జవాబు మన కొండల్లోనే ఉంది. ఓడ స్తంభం మీద ముప్పై మీటర్ల ఎత్తున నిలబడ్డ కాపలాదారుకు సముద్రం ఇరవై కిలోమీటర్లకు కాస్త పైగా కనిపిస్తుంది. శిమిలిగూడ అంత ఎత్తున, వెయ్యి మీటర్ల పైనుంచి చూస్తే, వాతావరణం తేటగా ఉన్నప్పుడు 110 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. అంటే ఇంచుమించు విశాఖ నుంచి అరకుకు రోడ్డు దూరమంత. యుద్ధనౌకలు తక్కువగా ఉన్న జర్మనీకి ఆకాశంలో గంటల తరబడి నిలిచే కన్ను దొరికితే అంతకన్నా ఏం కావాలి?

అయినా నౌకాదళ మంత్రి టిర్పిట్జ్ చాలాకాలం నమ్మలేదు. చివరికి 1912లో మొదటి నౌకాదళ వాయునౌక ఎల్-1 కొన్నారు. 1913 సెప్టెంబరు 9న ఉత్తర సముద్రం మీద తుపానులో అది కూలి 14 మంది చనిపోయారు. ఆరు వారాలు తిరగకుండానే, అక్టోబరు 17న, రెండోది ఎల్-2 బెర్లిన్ దగ్గర గాలిలోనే పేలింది. అందులోని 28 మందీ పోయారు. దానికి నౌకాదళ ఇంజనీర్లు చేయించిన మార్పుల్ని కౌంట్ ముందే వద్దన్నారు. తప్పు ఎవరిదన్న వాదం కౌంట్‌కూ నౌకాదళానికీ మధ్య పెద్ద ఎడమే తెచ్చింది. తన పేరుతో పిలిచే ఓడ తన మాట వినడం మానేసిందని ఆయనకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

చనిపోయిన నాయకుడి స్థానంలో పీటర్ స్ట్రాసర్ అనే అధికారి వచ్చాడు. క్రమశిక్షణ, పట్టుదల గల మనిషి. చెల్లాచెదురైన దళాన్ని ఆయనే మళ్ళీ నిలబెట్టాడు. యుద్ధం మొదలైననాడు అతని చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఓడ, ఎల్-3. తర్వాత నాలుగేళ్ళలో డెబ్బైకి పైగా చేరాయి. వాటిలో యాభైకి పైగా నష్టమయ్యాయి.

కాపలా కన్నుగా వాటి సేవ పెద్దదే. మందుపాతరలు, శత్రునౌకలు ఎక్కడున్నాయో కనిపెట్టి చెప్పేవి. కాని చరిత్రలో నిలిచింది రెండో పని, బాంబులు వేయడం. 1915 జనవరి 19 రాత్రి రెండు నౌకాదళ వాయునౌకలు ఇంగ్లండు తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్, కింగ్స్ లిన్ పట్టణాల మీద బాంబులు వేశాయి. నలుగురు మామూలు పౌరులు చనిపోయారు. తర్వాత లండను వంతు వచ్చింది. యుద్ధం ముగిసేలోగా వాయునౌకల దాడుల్లో బ్రిటన్‌లో అయిదు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు ఊరు ఖాళీచేసి పల్లెలకు పోయిన పెద్దలు మన ఇళ్ళల్లో ఉండేవారు. యార్మత్ వాసుల భయం ఎలాంటిదో వారి మాటల్లో మనం విన్నదే.

ఈ దాడుల్ని కౌంట్ వ్యతిరేకించారా? లేదు. యుద్ధారంభంలో ఇంగ్లండు మీద వాయునౌకల్ని గట్టిగా ప్రయోగించాలన్నవాళ్ళలో ఆయనా ఒకరు. దేశభక్తి అనే పేరుతో పెద్దలు కూడా ఎంత దూరం పోతారో ఆయన జీవితం చెబుతుంది. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు దీన్ని కప్పిపెట్టడం న్యాయం కాదు.

అయితే తన ఓడ బలహీనత కూడా అందరికన్నా ముందు కనిపెట్టినవాళ్ళలో ఆయన ఉన్నారు. హైడ్రోజన్‌కు నిప్పు తగిలితే చాలు. 1916 సెప్టెంబరు నుంచి బ్రిటిష్ విమానాలు నిప్పు గుళ్ళతో వాయునౌకల్ని ఒక్కొక్కటిగా రాల్చసాగాయి. అంతకుముందే, 1914లోనే, కౌంట్ భారీ విమానాల నిర్మాణం మొదలుపెట్టించారు. తన కర్మాగారంలో 1910లో చేరిన క్లాడ్ డోర్నియర్ అనే యువ ఇంజనీరుకు ప్రత్యేక విభాగం ఇచ్చి, నీటిమీద దిగే లోహపు విమానాల పని అప్పగించారు. జీవితమంతా ధారపోసిన వస్తువుకు కాలం చెల్లుతోందని 76 ఏళ్ళ వయసులో ఒప్పుకుని కొత్త పని మొదలుపెట్టడం మామూలు విషయం కాదు.

1917 మార్చి 8న, శస్త్రచికిత్స తర్వాత వచ్చిన న్యుమోనియాతో, కౌంట్ జెప్పెలిన్ బెర్లిన్‌లో కన్నుమూశారు. వయసు 78. స్టుట్‌గార్ట్‌లో సమాధి చేశారు.

ఆయన తర్వాత

ఆ ఏడాది నవంబరులో నౌకాదళపు ఎల్-59 బల్గేరియా నుంచి బయలుదేరి, ఆఫ్రికాలో సూడాన్ దాకా వెళ్ళి, నేల మీద దిగకుండానే తిరిగివచ్చింది. 95 గంటల్లో 6,700 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దాడుల వైపు మాత్రం రోజులు దగ్గరపడ్డాయి. 1918 జూలై 19న ఫ్యూరియస్ అనే బ్రిటిష్ నౌక మీదినుంచి లేచిన విమానాలు టోండెర్న్ స్థావరంలో రెండు వాయునౌకల్ని షెడ్డుతో సహా తగలబెట్టాయి. తర్వాతి యుద్ధంలో మన విశాఖ మీదికి వచ్చినవి కూడా నౌక మీదినుంచి లేచిన విమానాలే. ఆగస్టు 5న స్ట్రాసర్ ఎక్కిన ఎల్-70ని ఇంగ్లండు తీరం దగ్గర కూల్చివేశారు. అందులోని ఎవరూ బతకలేదు. ఎక్టర్‌డింగెన్‌లో ఓడ కాలి, జనం చందాలు మొదలుపెట్టిన రోజుకు సరిగ్గా పదేళ్ళు.

యుద్ధం తర్వాత ఇతర దేశాల నౌకాదళాలూ ఈ ఓడల్ని పెంచి చూశాయి. అమెరికా నౌకాదళానికి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లోనే కట్టి ఇచ్చిన లాస్ ఏంజెలెస్ 1924 నుంచి 1932 దాకా క్షేమంగా పనిచేసింది. కాని 1933లో ఆక్రాన్ సముద్రంలో కూలి 73 మంది పోయారు. 1935లో మేకన్ కూడా మునిగింది. ఇండియాకు రావలసిన బ్రిటిష్ పౌర వాయునౌక ఆర్-101 కోసం అప్పటి మన దేశంలోని కరాచీలో షెడ్డు కట్టి ఉంచారు. 1930 అక్టోబరు 5న అది ఫ్రాన్సులోనే కాలిపోయింది. 48 మంది చనిపోయారు. 1937లో హిండెన్‌బర్గ్ ప్రమాదంతో ఆ యుగం ముగిసింది.

మరి మిగిలిందేమిటి? కౌంట్ రాసిన నియమం ప్రకారం 1947లో ధర్మనిధి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ పట్టణానికి చేరింది. ఆ సంస్థల్లో ఒకటి, ఓడలకు గేర్లు చేయడానికి 1915లో పెట్టినది, నేడు ప్రపంచంలోని పెద్ద వాహన భాగాల కంపెనీల్లో ఒకటి. దానిలో అత్యధిక వాటా ఆ నిధిదే. బడిపిల్లలు వేసిన కానుల ఫలం నూరేళ్ళు దాటాక కూడా ఆ ఊరి ధర్మకార్యాలకు అందుతోంది. బాంబులు మోసిన ఓడ ఒక్కటీ మిగలలేదు. పదిమంది సొమ్మును పదిమందికే చెందేలా రాసిపెట్టిన కాగితం మిగిలింది.

ఇంకొకటి కూడా మిగిలింది. అది మన ఆకాశంలోనే ఉంది. విశాఖలో ఐ.ఎన్.ఎస్. డేగా నుంచి లేచి, తీరం వెంట కాపలా కాసే మన నౌకాదళపు చిన్న విమానాల పేరు డోర్నియర్. ముసలితనంలో కౌంట్ చేరదీసిన ఆ యువ ఇంజనీరు స్థాపించిన సంస్థ వాటికి రూపం ఇచ్చింది. మన కాన్పూరు కర్మాగారం వాటిని తయారుచేసింది. ఆకాశం నుంచి సముద్రాన్ని కనిపెట్టి చూడాలన్న ఆ పాత పనే అవి చేస్తున్నాయి.

మనలో ఎవరం గాలి ఓడలు కట్టబోవడం లేదు. కాని ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఉద్యోగపు రోజుల్లో రాసుకుని, తీరిక లేక పక్కన పెట్టిన డైరీ పేజీ ఒకటి ఉంటుంది. ఈసారి అరకు వెళ్ళినప్పుడు గాలికొండ దగ్గర మేఘం ఎదురైతే ఆ పేజీని ఒకసారి గుర్తుచేసుకోండి. తెరిచేముందు, అది ఎవరి చేతికి పోతుందో, ఎవరికి ఉపయోగపడుతుందో కూడా ఆలోచించండి. ఆయన జీవితం ఈ రెండు మాటలూ చెబుతుంది.